సమస్యాపూరణం: ‘పగతురెల్లఁ గూడి పట్టమిడిరి’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. సందర్భం కంప్యూటర్‌లో ఆడే స్ట్రాటజీ ఆట. చుట్టూ ఉన్న రాజులందరినీ కంప్యూటరే నడుపుతుంది, మీరు కత్తితో కాక దౌత్యంతో గెలవాలి. అలాంటి ఆటల్లో ఒకటైన సివిలైజేషన్ ఆడినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆడనివాళ్లు భారతం తలుచుకుని రాసినా సరే, ఆట మాత్రం పద్యంలో కనబడాలి.

పాత ఆటగాడు:
కత్తి దూయలేదు, కానుక లంపితి
వర్తకంబు పెంచి వరుస గలిపి
యోటు వేళ రాఁగ నొకరొకరై వచ్చి
పగతురెల్లఁ గూడి పట్టమిడిరి.

యతిమైత్రి:
ధార బాగుంది. ‘వరుస గలిపి’ చక్కటి తెలుగు. కానీ కర్త జారిపోయాడండీ. కలిపింది మీరు, వచ్చింది పగతురు. ‘కలిపి’ అంటే ఆ పనీ వాళ్ల ఖాతాలోకే పోతుంది. ‘వరుస గలుప/ నోటు వేళ రాఁగ’ అని మార్చండి. యతి చెడదు, అన్వయం కుదురుతుంది. ‘నోటు వేళ’ అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, బంగారం పంచి గెలిచే ఆటే కదా!

నిర్వాహకుడు:
సవరణ బాగుంది. నా అభ్యంతరం వేరే. వరుస కలిపాక వాళ్లు పగతురు ఎలా అవుతారు? చుట్టాలు పట్టం కడితే అందులో సమస్య ఏముంది? పట్టం కట్టే క్షణంలో కూడా పగవాళ్లుగానే ఉండాలి, అక్కడే ఉంది దీని కిటుకు.

మంత్రి:
నాదింకో పేచీ. 2010లో వచ్చిన అయిదో సివిలైజేషన్‌లో దౌత్య విజయాన్ని తేల్చే చివరి ఓటింగ్‌కి వచ్చేసరికి కంప్యూటర్ రాజులు సాధారణంగా ఎవరి ఓటు వాళ్లే వేసుకుంటారు. మనల్ని గెలిపించేవి చిన్న నగర రాజ్యాలు. వాటికి బంగారం ఇచ్చో, అడిగిన పని చేసిపెట్టో మిత్రులుగా ఉంచుకోవాలి. ఆ అభిమానం కూడా టర్న్ టర్న్‌కీ కరిగిపోతుంటుంది. అందుకని తెలివైనవాడు ముందే పంచేయడు, సంచి దాచుకుని ఓటింగ్ దగ్గరపడ్డాక విప్పుతాడు. పాత ఆటగాడు గారి పద్యంలో ‘ఒకరొకరై వచ్చి’ అన్నది ఆ నగర రాజ్యాలకైతే సరిపోతుంది, పగతురకు కాదు.

పాత ఆటగాడు:
పద్యానికి ఆట రూల్‌బుక్ అడ్డం పెడతారా! సరే, ‘గలుప’ తీసుకుంటున్నాను. మిగతాది అలాగే ఉంటుంది.

అంకెలమారి:
లెక్కఁ దప్ప నెఱుఁగ దొక్కింత నెయ్యమున్
యంత్రమేధ, దాని నరసి నేను
ప్లస్సు లొక్కొకటిగఁ బట్టుగాఁ గూర్చితి
పగతురెల్లఁ గూడి పట్టమిడిరి.

యతిమైత్రి:
మొదటి పాదంలో ప్రాసయతి (లెక్క, దొక్కిం) హాయిగా పడింది. ‘ప్లస్సు’కి ‘బట్టుగా’తో యతి కూడా సరైనదే. ‘యంత్రమేధ’ పక్కన ‘ప్లస్సు’ పంటికింద రాయిలా తగిలింది నాకు.

అంకెలమారి:
కావాలనే వేశానండీ. నాలుగో సివిలైజేషన్‌లో ఎదుటి రాజు పేరు మీద మౌస్ పెడితే వాడి మనసంతా అంకెల్లో కనిపిస్తుంది. సరిహద్దులు తెరిచినందుకు ఇన్ని ప్లస్‌లు, ఒకే మతంలో ఉన్నందుకు ఇన్ని, తన పరమశత్రువుతో వ్యాపారం చేసినందుకు ఇన్ని మైనస్‌లు. మొహం చిట్లించుకున్నా, నవ్వినా వెనక ఉన్నది ఆ కూడిక. దాన్ని ‘ధనాంకము’ అంటే ఆ జాబితా కళ్లకి కట్టదు.

నిర్వాహకుడు:
ప్లస్సు ఉండనివ్వండి. ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఆట లోపలి సంగతి చెప్పింది ఈ పద్యమే. వాళ్లకి మన మీద నెయ్యం లేదన్నారు కాబట్టి పగతురు అన్న మాట కూడా కొంత నిలిచింది.

మంత్రి:
‘లెక్క తప్ప ఎరుగదు’ అని అన్ని యంత్రాలకీ చెల్లదు లెండి. డిప్లొమసీ అని 1959 నాటి బోర్డు ఆట ఉంది, అందులో మాటలే ఆయుధం. మెటా సంస్థ పరిశోధకులు చేసిన సిసెరో అనే యంత్రమేధ 2022లో ఆ ఆటని మనుషులతో మెసేజ్‌లు రాసుకుంటూ, బేరాలాడుతూ ఆడింది. 40 ఆటల్లో, ఒకటికి మించి ఆడినవాళ్లలో పై 10 శాతంలో నిలిచింది.

అంకెలమారి:
అలాంటిది ఎదురుగా కూర్చుంటే నా ప్లస్సులు పనిచేయవు, ఒప్పుకున్నా. నా పద్యం మౌస్ పెడితే మనసు కనబడే రాజులకే.

తొలిప్రయత్నం:
రాయబార మంపి రాజులకు నెల్ల
మేలు చేసినట్టి మేటి నేను
గద్దె నడుగకుండఁ గదలక యున్నను
పగతురెల్లఁ గూడి పట్టమిడిరి.

యతిమైత్రి:
మొదటి పాదంలో చివరి గణం చూడండి. ‘కునెల్ల’ జగణం, ఇంద్రగణం కాదు. ‘రాజుల కెల్లను’ అంటే రెండు భగణాలు వచ్చి సరిపోతుంది. రెండో పాదంలో ‘మేటి నేను’ యతి కోసం తెచ్చిన మాట. దౌత్యం చేసేవాడు తన గురించి అలా చెప్పుకోకూడదు కూడా. మూడో పాదం మాత్రం చాలా బాగుంది. రాస్తూ ఉండండి.

ప్రశ్నార్థకం:
ఆది నెట్టి వార లాటలో నందఱు?
సభకు నెట్లు వారు సాగి రపుడు?
ఏమి చేసి రచట నీవు కోరినయట్లు?
పగతురెల్లఁ గూడి పట్టమిడిరి.

తొలిప్రయత్నం:
మూడో పాదంలో యతి తప్పలేదా అండీ? ‘ఏ’కి ‘నీ’ ఎలా?

ప్రశ్నార్థకం:
అది నీవు కాదు, ‘ఈవు’. పాత రూపం. అచటన్ + ఈవు. ఏ, ఈ అచ్చులకి యతి చెల్లుతుంది.

నిర్వాహకుడు:
క్రమాలంకారం (మూడు ప్రశ్నలకీ నాలుగో పాదంలో వరుసగా జవాబులు) కుదిరింది, ‘ఈవు’ కూడా చెల్లుతుంది. కానీ ఊరి ఎన్నిక గురించి రాసినా ఇదే పద్యం పనికొస్తుంది. ఆట ఎక్కడుంది?

సూత్రధారి:
నన్ను దింపఁ దలఁచి నాపైన నోటిడ
వారితోడఁ గలిసి వైచికొంటి
రెండు వోవ నొకటి రివ్వున వచ్చెను
పగతురెల్లఁ గూడి పట్టమిడిరి.

పాత ఆటగాడు:
ఇదేం లెక్క? తన మీద తనే ఓటు వేసుకున్నాడా?

సూత్రధారి:
అవును. ఆరో సివిలైజేషన్‌కి 2019లో వచ్చిన గాదరింగ్ స్టార్మ్ అనే అదనపు భాగంలో దౌత్య విజయానికి 20 పాయింట్లు కావాలి. ఆట చివర్లో ప్రపంచ సభ ముందుకి ఒక తీర్మానం వస్తుంది: ఫలానా వాడికి 2 పాయింట్లు కలపాలా, తీసేయాలా? నువ్వు గెలుపు దగ్గర ఉంటే మిగతావాళ్లంతా ఒక్కటై నీవి తీసేయమనే వేస్తారు. ఎదిరిస్తే దౌత్య బలం (అదనపు ఓట్లు కొనుక్కునే నిల్వ) ఖర్చు, ఓటమీ తప్పదు. వాళ్లతో కలిసి నీ మీద నువ్వే వేసుకుంటే 2 పోతాయి గానీ, గెలిచిన పక్షాన ఉన్నందుకు 1 వస్తుంది. మిగిలిన బలమంతా అదే సభలోని వేరే తీర్మానాల మీద పెట్టు. అక్కడా గెలిచే పక్షాన ఉంటే ఒక్కోదానికి మరో 1. అలా రెండు దక్కితే 19 మీద ఉన్నవాడు 20 అందుకుంటాడు.

యతిమైత్రి:
వా–వై, రె–రి, యతులన్నీ సరిగ్గా ఉన్నాయి. ‘రివ్వున’ దగ్గర నవ్వొచ్చింది. ‘వైచికొంటి’ తర్వాత ఒక కామా పెడితే చదవడానికి సుఖం.

మంత్రి:
నా వైపు నుంచి పేచీ లేదు.

నిర్వాహకుడు:
పగతురు చివరిదాకా పగతురుగానే ఉన్నారు, దింపుదామనే కూడారు, పట్టం కట్టారు. ఈ వారం ఇదే మొదటిది, అంకెలమారి గారిది రెండోది. పాత ఆటగాడు గారు అలగకండి.

వచ్చే వారానికి తేటగీతి పాదం: ‘సంధి కుదిరిన వేళనే సమర మయ్యె’. మిత్రుడితో రక్షణ ఒప్పందం చేసుకుని వాడి యుద్ధంలో ఇరుక్కున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఈసారి గణాలు లెక్కపెట్టుకుని పంపండి.