ఇంజిన్ దగ్గర మంట వచ్చిన కారు: వైరింగ్ మొత్తం మార్చాలా, అతుకులు వేస్తే సరిపోతుందా?

హైవే65:
సూర్యాపేట దాటాక బానెట్ సందుల్లోంచి పొగ, వెంటనే మంట. దాబా వాళ్లు పౌడర్ సిలిండర్ తెచ్చారు, బానెట్ పూర్తిగా ఎత్తనివ్వకుండా సందులోంచే కొట్టారు, అందుకే ఎడమ మూల దాటి పాకలేదు. కారు 2014 డీజిల్. ఫాగ్ లైట్లకు బయట షాపులో రిలే, ఫ్యూజ్ లేకుండా లాగిన వైరు వేడెక్కి అంటుకుందట. కాలిన వైర్లు మార్చాక బండి స్టార్ట్ అవుతోంది కానీ హెడ్‌లైట్ వేస్తే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతుంది, టెంపరేచర్ ముల్లు లేస్తుంది, పొద్దున్నే బ్యాటరీ డౌన్. సర్వీస్ సెంటర్ వాళ్లు హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలంటున్నారు, మా ఊరి ఎలక్ట్రీషియన్ అక్కర్లేదంటున్నాడు. పిల్లలు ఎక్కే బండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_డ్రైవర్:
మార్చేయండి, ఆలోచించొద్దు. కంటికి కనిపించే కాలిన వైరు అసలు సమస్య కాదు. కట్ట లోపల వేడికి గట్టిపడిన ఇన్సులేషన్ ఇంజిన్ వణుకుడికి పగులుతుంది, ఆరు నెలల తర్వాత ఏ వానాకాలంలోనో షార్ట్ అవుతుంది. పీవీసీ కాలితే వచ్చే పొగ తడి తగిలితే ఆమ్లంగా మారి రాగిని తినేస్తుంది. ఆర్పడానికి కొట్టిన పౌడర్ కూడా అంతే, కనెక్టర్లలో చేరి చెమ్మ తగిలితే పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. ఇంత చూశాక టేప్ చుట్టుకుని తిరుగుదామనుకోవడం నాకైతే అర్థం కాదు.

ఆటోనగర్_వైర్‌మన్:
మీరు చెప్పిన భయాలన్నీ నిజమే అన్నా, కానీ ఆయన చెప్పిన లక్షణాలు హార్నెస్‌వి కావు, ఎర్త్‌వి. హెడ్‌లైట్ వేస్తే ఇండికేటర్ మసకగా వెలగడం, ముల్లు లేవడం అంటే కరెంటు తిరిగి వెళ్లడానికి సరైన దారి లేక పక్క దారుల్లో పోతోందని. ఎడమ మూల బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. తర్వాత సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ కేబుల్ పోయినట్టే. కొత్త హార్నెస్ వేసి ఈ బోల్టు ముట్టుకోకపోతే లక్ష పోసినా ఇదే గోల.

బ్యాటరీ దిగడం వేరే సంగతి. అన్నీ ఆపి, తాళం వేసి, అరగంట ఆగి నెగెటివ్ దగ్గర మిల్లీ ఆంప్స్ చూడాలి. 50 దాటితే ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోండి, ఏది తీస్తే పడిపోతుందో ఆ లైనే దొంగ. ఆ ఫాగ్ లైట్ వైరు మాత్రం మొదట పీకేయండి, అది ఉన్నంతకాలం ఏ వైరింగ్ వేసినా మళ్లీ కాలుతుంది.

ఓరుగల్లు_డ్రైవర్:
ఎర్త్ సంగతి ఒప్పుకుంటాను. అతుకుల సంగతి ఒప్పుకోను. మన దగ్గర ఎంతమంది కట్ట పూర్తిగా విప్పి చూస్తారు? మెలిపెట్టి టేప్ వేసి పంపించేస్తారు.

ఆటోనగర్_వైర్‌మన్:
అలా చేసేవాళ్లు ఉన్నారు, కాదనను. సరిగ్గా చేయాలంటే వైరు మెత్తగా, రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలి, అదే మందం వైరు కలిపి క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి) వేడికి ముడుచుకునే స్లీవ్ వేయాలి. కాలిన కనెక్టర్ మార్చాల్సిందే. ఎయిర్‌బ్యాగ్ వైర్లకు మాత్రం నేను అతుకు వేయను. మంట ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా) దాకానో, ఫ్యూజ్ బాక్స్ దాకానో వెళ్తే నేను కూడా మార్చమనే అంటాను.

క్లెయిమ్_అనుభవం:
ఇన్సూరెన్స్ ఉంటే ఈ గొడవంతా ఎందుకండీ? థర్డ్ పార్టీ మాత్రమే అయితే మీ కారుకు పైసా రాదు, కాంప్రిహెన్సివ్ అయితే మంట కవర్ అవుతుంది. విప్పాక బయటపడిన డ్యామేజీకి అదనపు ఎస్టిమేట్ పెట్టి సర్వేయర్‌ను మళ్లీ పిలవచ్చు. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75% దాటితే టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగ అన్న లెక్కలో చూస్తారు. ఫాగ్ లైట్లు బయట వేయించిన సంగతి దాచొద్దు.

హైవే65:
కాంప్రిహెన్సివే ఉంది, సర్వేయర్ ఒకసారి చూసి వెళ్లాడు. ఎర్త్ చూపించి, కట్ట విప్పించి ఫొటోలు పెడతాను. అందాకా బండి ఇంట్లోనే పెట్టొచ్చా?

ఆటోనగర్_వైర్‌మన్:
పెట్టండి, కానీ బ్యాటరీ నెగెటివ్ విప్పి పక్కకు తీసి పెట్టండి. పక్కన ఇంకో బండి వద్దు, గ్యాస్ సిలిండర్లున్న గోడ దగ్గర అసలే వద్దు. నీళ్లతో కడగొద్దు, ముందు గాలితో పౌడర్ ఊదించండి.