వాలెట్ అడ్రస్ బదులు పేరు ఇస్తే సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి

చంద్రవంక:
మా టీమ్‌లో వేర్వేరు దేశాల్లో ఉన్నవాళ్లకి నెలనెలా యూఎస్‌డీసీలో (డాలరు విలువతో నడిచే క్రిప్టో నాణెంలో) చెల్లింపులు చేసే పని నాది. 42 అక్షరాల అడ్రస్ కాపీ చేసి, ముందూ వెనకా సరిచూసి పంపుతాను. ప్రతిసారీ టెన్షనే. ఈమధ్య కొంతమంది "నా డాట్ ఈత్ (.eth) పేరుకే పంపేయండి" అంటున్నారు. ఆ పేర్లిచ్చే ఈఎన్‌ఎస్ (ఈథీరియం బ్లాక్‌చెయిన్ మీది పేర్ల వ్యవస్థ) 2017 నుంచీ నడుస్తోందని తెలుసు. కానీ జీతాల డబ్బు విషయంలో పేరుని నమ్ముకోవచ్చా? ఎక్కడ దెబ్బ తగులుతుంది?

లెక్కలపిచ్చి:
నేను చాలాకాలంగా వాడుతున్నాను, ఇష్టంగానే. ఒకటి మాత్రం ముందే తెలియాలి, పేరులో డబ్బు ఉండదు. రిజిస్ట్రీ కాంట్రాక్ట్‌ని (బ్లాక్‌చెయిన్ మీద నడిచే పేర్ల పట్టీ ప్రోగ్రామ్‌ని) అడిగితే ఆ పేరుకి రిజాల్వర్ (పేరుకి అడ్రస్ చెప్పే ఇంకో కాంట్రాక్ట్) ఏదో చెబుతుంది. రిజాల్వర్‌ని అడిగితే అడ్రస్ చెబుతుంది. డబ్బు వెళ్లేది ఆ అడ్రస్‌కి. పేరు ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఆ రికార్డుని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పోయిన నెల వెళ్లిన చోటికే ఈ నెల కూడా వెళ్తుందన్న హామీ అందులో లేదు.

తర్వాత నెట్‌వర్క్ సంగతి. ఒకే పేరు కింద బిట్‌కాయిన్‌కి వేరే, ఈథీరియంకి వేరే రికార్డులు పెట్టుకోవచ్చు. మా గ్రూపు ఈథీరియంది ఒక్కటే పెట్టింది. అది మల్టీసిగ్, అంటే పలువురి సంతకాలతో నడిచే కాంట్రాక్ట్ వాలెట్. ఒకాయన మా పేరుతో అడ్రస్ తీసుకుని లేయర్ 2 (ఈథీరియం మీద ఆధారపడి నడిచే ఇంకో) నెట్‌వర్క్ మీద పంపేశారు. అక్కడ మా కాంట్రాక్టే లేదు! అదే అడ్రస్‌లో అక్కడ కూడా కాంట్రాక్ట్ పెట్టగలిగాం కాబట్టి డబ్బు దక్కింది. అన్ని వాలెట్లకీ అది కుదరదు. మామూలు సీడ్ ఫ్రేజ్ (రహస్య పదాల వరస) వాలెట్లకి ఈ గొడవ లేదు, ఒకే కీ అన్ని ఈవీఎం (ఈథీరియం తరహా) నెట్‌వర్క్‌ల మీదా పనిచేస్తుంది.

నిశాచరి:
నేనైతే పేర్ల పక్షమే. చంద్రవంక గారూ, "ముందూ వెనకా సరిచూసి" అన్నారు కదా, అడ్రస్ పాయిజనింగ్ అనే మోసం సరిగ్గా ఆ అలవాటు మీదే బతుకుతోంది. మీరు తరచూ పంపే అడ్రస్‌తో మొదటి అక్షరాలు, చివరి అక్షరాలు కలిసేలా ఇంకో అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి మీకు చిల్లర పంపుతారు. అది మీ హిస్టరీలో కూర్చుంటుంది. తర్వాతి నెల మీరు హిస్టరీలోంచి కాపీ చేస్తే అంతే. 2024 మే నెలలో ఒకరు ఇలాగే 1,155 డబ్ల్యూబీటీసీ (ఈథీరియం మీద బిట్‌కాయిన్ విలువతో నడిచే నాణెం), అప్పటి విలువలో దాదాపు 6.8 కోట్ల డాలర్లు, దొంగ అడ్రస్‌కి పంపేశారు. బేరసారాల తర్వాత చాలావరకు వెనక్కి వచ్చింది. అందరికీ అలా వస్తుందా? పేరు టైప్ చేసే అలవాటుంటే ఈ ఉచ్చులో పడే అవకాశమే తక్కువ.

అక్షరాభ్యాసం:
పేరులోనూ ఉచ్చు ఉంది నిశాచరి గారూ. సిరిలిక్ (రష్యన్ రాసే) లిపిలో ఒక అక్షరం కంటికి ఇంగ్లీష్ "a"లాగే ఉంటుంది. కంటికి కనిపించని అక్షరాలు కూడా పేరులో దూర్చేవారు. 2023లో వచ్చిన ఈఎన్‌ఎస్‌ఐపీ-15 (ఈఎన్‌ఎస్ పేర్లు ఎలా రాయాలో చెప్పే) నియమాలు ఇలాంటి పేర్లని చెల్లనివిగా తేల్చాయి. ఆ నియమాలు అమలుచేయని పాత యాప్‌లో మాత్రం ప్రమాదం అలాగే ఉంటుంది.

తెలుగులో పేరు తీసుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు "ట్" తర్వాత "వే" కిందికి దిగకుండా మన కీబోర్డు కనిపించని అక్షరం ఒకటి పెడుతుంది. అది ఉన్న పేరుని ఈ నియమాలు ఒప్పుకోవు. పొల్లు మధ్యలో రాని పేరు చూసుకోండి.

గట్టుమీద:
ఎవరూ గడువు ఊసెత్తలేదేంటి? డాట్ ఈత్ పేరు అద్దెకి తీసుకున్నట్టే. ఐదు అక్షరాలు, అంతకు మించితే ఏడాదికి 5 డాలర్లు, నాలుగైతే 160, మూడైతే 640. గడువు దాటాక 90 రోజులు గ్రేస్ ఉంటుంది. ఆ తర్వాత పేరు అందరికీ అమ్మకానికి వస్తుంది, 10 కోట్ల డాలర్ల ప్రీమియంతో మొదలై 21 రోజుల్లో సున్నాకి దిగుతుంది. అప్పుడు కొన్నవాళ్లు తమ అడ్రస్ పెట్టుకుంటారు. మీ కాంటాక్టుల్లో పాత పేరు అలాగే ఉంటుంది, డబ్బు కొత్తవాళ్లకి పోతుంది. మంచి విషయం ఏంటంటే, ఎవరి పేరునైనా ఎవరైనా రెన్యూ చేయొచ్చు. మీరు చెల్లించే మనిషి పేరు గడువు దగ్గర పడితే మీరే కట్టేయండి, జీతం దారి తప్పడం కన్నా ఆ 5 డాలర్లు నయం.

ఒక్కసారి కొంటే చాలు, రెన్యువల్ లేదనే సంస్థలూ ఉన్నాయి. అయితే అలాంటి సంస్థ అన్‌స్టాపబుల్ డొమైన్స్ డాట్ కాయిన్‌తో ముగిసే పేర్లు అమ్మాక, అదే ముగింపు ఎమర్‌కాయిన్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ దగ్గర ముందునుంచీ ఉందని తేలి 2022లో ఆపేసింది. ఒకే పేరుకి రెండు వ్యవస్థలు రెండు జవాబులు చెబితే డబ్బు ఎటు పోవాలి?

వాగునీరు:
నాకు వీటన్నిటికన్నా పెద్ద బాధ గోప్యత. పేరు తెలిస్తే అడ్రస్ తెలుస్తుంది, అడ్రస్ తెలిస్తే నిల్వ, జీతం, ఎవరికి ఎంత పంపారో అన్నీ తెలుస్తాయి. అందరికీ చెప్పుకునే పేరుని జీతానికి వాడొద్దని మీవాళ్లకి చెప్పండి, వేరే అడ్రస్‌తో వేరే పేరు పెట్టుకోమనండి. బిట్‌కాయిన్ వైపు బీఐపీ-353 (పేరుతో చెల్లించే పద్ధతి) నాకు నచ్చింది. ఈమెయిల్‌లా కనిపించే పేరు, వివరాలు డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల పట్టీలో), డీఎన్‌ఎస్‌సెక్ అనే డిజిటల్ సంతకంతో ఉంటాయి. అందులో బోల్ట్ 12 ఆఫర్ (లైట్నింగ్ నెట్‌వర్క్‌లో మళ్లీ మళ్లీ వాడగల చెల్లింపు కోడ్) పెడితే బయటికి బ్లాక్‌చెయిన్ మీది స్థిరమైన అడ్రస్ కనబడదు.

చంద్రవంక:
అందరికీ థ్యాంక్స్ అండీ. ఇలా చేద్దామనుకుంటున్నాను: మొదటిసారి పేరూ అడ్రస్ రెండూ తీసుకుని, కాల్‌లో చదివించుకుని రాసిపెట్టుకుంటాను. ప్రతి నెలా పేరు చూపించే అడ్రస్‌ని నా దగ్గరున్న దాంతో పోలుస్తాను. తేడా వస్తే మనిషితో మాట్లాడేదాకా పంపను.

గట్టుమీద:
అప్పుడు పేరు ఎందుకు, అడ్రస్ ఒక్కటే దాచుకుంటే సరిపోదా?

చంద్రవంక:
వాలెట్ మార్చినవాళ్లు నాకు చెప్పడం మర్చిపోతుంటారు. పేరు రికార్డు మారిస్తే నాకు తెలిసిపోతుంది.

లెక్కలపిచ్చి:
పద్ధతి బాగుంది. ఒక్కటి చూసుకోండి. కొన్ని టూల్స్ అడ్రస్ పక్కన పేరు చూపిస్తాయి. ఆ పేరు రివర్స్ రికార్డు (అడ్రస్ నుంచి పేరుకి వెళ్లేది) లోంచి వస్తుంది. అందులో ఎవరైనా తమ అడ్రస్‌కి ఎవరి పేరైనా రాసుకోవచ్చు. ఆ పేరు తిరిగి అదే అడ్రస్‌కి వెళ్తుందో లేదో టూలే సరిచూడాలి. ఒక టెస్ట్ వాలెట్‌కి మీది కాని పేరు పెట్టి చూడండి. మీ టూల్ ఆ పేరు చూపించేస్తే, చెల్లింపులకి అది వద్దు.