రికార్డులు తిప్పడానికి బైండింగ్‌నే నమ్ముకోవాలా, కోడ్ మనమే రాసుకోవాలా?

ఫారంపని:
విన్‌ఫారమ్స్‌లో (విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే .NET సాధనం) కస్టమర్ల ఫారం. పైన గ్రిడ్ (పట్టిక), కింద టెక్స్ట్‌బాక్సులు, రెండూ బైండింగ్‌తో, అంటే విలువలు వాటంతటవే వచ్చి పోయేలా, డేటాకి కట్టినవే. టెక్స్ట్‌బాక్సులకు రికార్డులు ముందుకీ వెనక్కీ తిప్పే బటన్ల పట్టీ, బైండింగ్ నావిగేటర్. ముందుకెళ్లే బటన్ నొక్కితే టెక్స్ట్‌బాక్సులు మారుతున్నాయి కానీ గ్రిడ్‌లో వరస కదలడం లేదు. పైగా చివర టైప్ చేసిన ఫీల్డ్ సేవ్ కావడం లేదు. ట్యాబ్ కొట్టి సేవ్ చేస్తే మాత్రం అవుతోంది. బైండింగ్ తీసేసి, ఇండెక్స్ (రికార్డు వరస సంఖ్య) పెట్టుకుని మనమే విలువలు నింపుదామని టీమ్‌లో సగం మంది పట్టు. మీరేమంటారు?

పాతకోడ్:
తీసేయండి. చూపించడానికి ఒక ఫంక్షన్, సేవ్‌కి ఒకటి రాసుకుంటే బ్రేక్‌పాయింట్ (కోడ్‌ని మధ్యలో ఆపే గుర్తు) పెట్టి విలువ ఎక్కడ పోయిందో చూసుకోవచ్చు. బైండింగ్‌లో తప్పు జరిగినా బయటికి కనపడదు.

వరసక్రమం:
పాతకోడ్ గారూ, ఈ రెండు సమస్యలకూ బైండింగ్ తీసేయక్కర్లేదండి.

గ్రిడ్‌కి నేరుగా డేటాటేబుల్‌ని (మెమరీలో ఉన్న డేటా పట్టిక), టెక్స్ట్‌బాక్సులకు బైండింగ్‌సోర్స్‌ని (డేటాకీ ఫారానికీ మధ్యవర్తి) ఇచ్చి ఉంటారు. డేటా ఒకటే అయినా, ఇప్పుడు ఏ రికార్డు మీద ఉన్నామో గుర్తుపెట్టుకునే కరెన్సీ మేనేజర్లు రెండు తయారవుతాయి. ఒకటి కదిలితే రెండోదానికి తెలియదు. గ్రిడ్‌కీ అదే బైండింగ్‌సోర్స్ ఇవ్వండి, కదులుతుంది.

ఇక సేవ్. టెక్స్ట్‌బాక్స్‌లో టైప్ చేసింది మామూలుగా వాలిడేషన్ (ఫీల్డ్ వదిలి వెళ్లేటప్పటి తనిఖీ) జరిగినప్పుడే డేటాలోకి వెళ్తుంది. టూల్‌స్ట్రిప్ (నావిగేటర్ లాంటి బటన్ల పట్టీ) మీది బటన్ ఫోకస్ తీసుకోదు, అంటే కర్సర్ టెక్స్ట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి ఆ వాలిడేషనే జరగదు. సేవ్ కోడ్‌లో ముందు వాలిడేట్, తర్వాత ఎండ్‌ఎడిట్ (మార్పుని డేటాలో ఖాయం చేసేది), ఆ తర్వాతే అడాప్టర్ అప్‌డేట్ (డేటాబేస్‌లోకి పంపేది). ఈ వరస తప్పకూడదు. అప్‌డేట్ మోడ్‌ని ఆన్‌ప్రాపర్టీచేంజ్డ్‌గా (విలువ మారిన ప్రతిసారీ వెంటనే డేటాలోకి పంపేలా) మార్చేయమని చాలామంది చెప్తారు. ఫార్మాట్ ఉన్న తేదీ, డబ్బు ఫీల్డుల్లో అది టైప్ చేస్తుండగానే అడ్డుపడుతుంది. నాకు నచ్చదు.

తప్పు కనపడదంటారా? బైండింగ్‌లో ఫార్మాటింగ్‌ఎనేబుల్డ్ అనే సెట్టింగ్ ట్రూ చేసి, బైండింగ్ పని ముగిసినప్పుడు వచ్చే బైండింగ్‌కంప్లీట్ ఈవెంట్‌లో ఎర్రర్‌టెక్స్ట్ చూడండి. ఖాళీ విలువ చెక్‌బాక్స్‌కి వచ్చి ఇరుక్కున్నా అక్కడ దొరుకుతుంది.

అసలు నాకు భయం ఇండెక్స్ పద్ధతి గురించే. యూజర్ గ్రిడ్ హెడర్ నొక్కి సార్ట్ చేస్తే కళ్లముందు వరస మారుతుంది, టేబుల్‌లో రికార్డుల క్రమం మారదు. అప్పుడు మీ ఇండెక్స్ వేరే కస్టమర్‌ని పట్టుకుంటుంది. ఒకరి వివరాలు ఇంకొకరి రికార్డులో సేవ్ అయితే ఎర్రర్ కూడా రాదు.

పాతకోడ్:
సార్ట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ మామూలు లిస్ట్‌కి బైండ్ చేస్తే, కోడ్‌లో కొత్త ఐటమ్ కలిపినా గ్రిడ్‌లో రాదు కదా?

వరసక్రమం:
మామూలు లిస్ట్ తాను మారినట్టు గ్రిడ్‌కి కబురు పంపదు. బైండింగ్‌లిస్ట్ వాడండి, పంపుతుంది. ఐటమ్ లోపలి విలువలు మారినా తెలియాలంటే క్లాస్‌లో ఐనోటిఫైప్రాపర్టీచేంజ్డ్ (విలువ మారిందని చెప్పే ఇంటర్‌ఫేస్) కూడా రాయాలి.

పాతకోడ్:
అంత ఏర్పాటు గ్రిడ్, నావిగేషన్ ఉన్న ఫారానికి సరే. ఒకే రికార్డు చూపించే చిన్న డైలాగ్‌కి మాత్రం నేను చేత్తోనే రాస్తాను.

ఫారంపని:
గ్రిడ్‌కి బైండింగ్‌సోర్స్ ఇచ్చాను, కదులుతోంది. వాలిడేట్, ఎండ్‌ఎడిట్ పెట్టాక చివరి ఫీల్డ్ కూడా సేవ్ అవుతోంది. బైండింగ్ ఉంచేస్తున్నాం.