పాత డెస్క్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేస్తే ఇంట్లో అందరి పనీ జరుగుతుందా?

పాలకొల్లు_వెంకట్

అందరికీ నమస్తే అండి. మా ఇంట్లో 2015లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. బజార్లో అడిగితే "విండోస్ 11 దీని మీద ఎక్కదండి, కొత్తది తీసుకోండి, నలభై వేల దాకా అవుద్ది" అన్నారు. ఎక్కదన్న మాట నిజమే, నేనూ చూసుకున్నాను. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలంటోంది, ఇంటెల్ అయితే ప్రాసెసరు ఎనిమిదో తరం నుంచి ఉండాలంటోంది. కానీ మా పెట్టె శుభ్రంగా పనిచేస్తోంది. బాగున్న వస్తువును అటకెక్కించడానికి మనసొప్పడం లేదు.

మా ఆవిడ ట్యూషన్ పిల్లలకు తెలుగులో ప్రశ్నపత్రాలు టైపు చేస్తుంది. నాన్నగారు రెండు రొయ్యల చెరువుల లెక్క ఎక్సెల్‌లో రాసుకుంటారు. అమ్మాయి ఇంటర్, వీడియో క్లాసులు చూస్తుంది. నాకు బ్యాంకు పనీ, బిల్లులూ ఉంటాయి. విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ వేసి కనీసం ఏడాది వాడినవాళ్ళు చెప్పండి. బాగుందని అందరూ అంటారు. ఎక్కడ ఇబ్బంది పడ్డారో అది కావాలి నాకు.

అమలాపురం_మాస్టారు

వెంకట్ గారూ, నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, 2019 నుంచి మా ఇంట్లో మింట్ అనే రకమే. మీ పెట్టెకు మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం సరిపోతుంది. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ముందు ఏదీ చెరపకండి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేయండి. హార్డ్ డిస్క్ జోలికి పోకుండా మొత్తం సిస్టమ్ తెర మీదకు వస్తుంది. సౌండ్ వస్తోందా, నెట్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా అని రెండు రోజులు చూసుకోండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ లాగేస్తే మీ విండోస్ మీకుంటుంది.

ఇక ఇబ్బంది అడిగారు కాబట్టి నాది చెబుతాను. మొన్న వర్షాల్లో అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అప్పటికే అయిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే నల్ల తెర, మూలన ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. అంతే. నాకు గుండె జారిపోయింది, మార్కుల జాబితాలన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్‌లో వెతికి, ఆన్ అయ్యేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టి, రికవరీ మోడ్‌లోకి వెళ్ళాను. అక్కడి మెనూలో పాడైన ప్యాకేజీలను బాగుచేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే పది నిమిషాల్లో తేరుకుంది. ఫైలు ఒక్కటీ పోలేదు. కానీ ఆ పది నిమిషాలూ నా పక్కన తెలిసినవాడు ఒక్కడు లేడు. విండోస్‌కు అలా జరిగితే వీధి చివర షాపుకు మోసుకెళ్ళేవాణ్ణి.

తణుకు_డీటీపీ

మాస్టారు గారు చెప్పింది ఇంటి వాడకానికి నిజమే. నా షాపులో మాత్రం కుదరలేదు, ఎందుకు కుదరలేదో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

పద్దెనిమిదేళ్ళుగా శుభలేఖలు, కరపత్రాలు చేస్తున్నాను. మా లైనులో పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షనే లేదు, అయినా ప్లేట్లు తీసే ప్రెస్సులో ఇప్పటికీ ఆ ఫైలే అడుగుతారు. అనులో కొట్టింది యూనికోడ్ కాదండి, అంటే అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి కాదు. ఇంగ్లీషు అక్షరాలుండే స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంటు అది. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట రోమన్ గుర్తుల గజిబిజి కనిపిస్తుంది. నా దగ్గర పద్దెనిమిదేళ్ళ మ్యాటర్ అలాగే ఉంది. పెద్దమ్మాయి పెళ్ళికి వేయించినవాళ్ళు చిన్నమ్మాయి పెళ్ళికి వచ్చి "అదే డిజైన్, పేర్లు మార్చండి" అంటారు.

ప్రయత్నించకుండా చెప్పడం లేదు. లినక్స్‌లో నడిచే ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రామభద్ర అనే యూనికోడ్ ఫాంటుతో ఒక కార్డు చేసి చూశాను. జ్యోత్స్న అనే పేరు కొట్టాను. త కింద స ఒత్తు, న ఒత్తు రెండూ కుదురుగా కూర్చున్నాయి. అనులో ఆ పేరు రావాలంటే ముక్క ముక్కా ఏరి జరుపుకోవాలి. కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్ళకైతే నేను యూనికోడే నేర్చుకోమంటాను, ఉచితంగా దొరికే మంచి తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మండలి, గిడుగు, సూరన్న, ఇలా. నేను మాత్రం పాత మ్యాటర్ కోసం ఒక విండోస్ పెట్టె ఉంచుకున్నాను. దానికి నెట్ తీగ పీకేశాను.

కాకినాడ_బీటెక్

అన్నా, నేను చేసిన తప్పు మీరు చేయకండి. రెండూ పక్కపక్కన ఉంచుదామని ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. డిస్క్ మొత్తం చెరిపి వేయాలా, విండోస్ పక్కన వేయాలా అని అడిగే పేజీ ఒకటి వస్తుంది. రాత్రి ఒంటిగంట, నిద్రమత్తులో మొదటి దాని మీద నొక్కేశాను. మా అక్క పెళ్ళి ఫొటోలు పోయాయి. ఫొటోగ్రాఫర్ దగ్గర కొన్ని దొరికాయి, మేం ఫోన్లతో తీసినవి దొరకలేదు. అమ్మ నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి.

భీమవరం_పద్దులు

నాది ఫీడ్ షాపుల పద్దులు రాసే పని. వెంకట్ గారి నాన్నగారి ఫైలు గురించి చెబుతాను. మామూలు కూడికలు, రోజువారీ మేత, కౌంటు, ఖర్చు ఇలాంటివైతే లినక్స్‌లో ఎక్సెల్‌కు బదులు వాడే లిబ్రాఫీస్ కాల్క్‌లో ఉన్నవి ఉన్నట్టే తెరుచుకుంటాయి. పనులు వాటంతటవే జరిగేలా మాక్రోలు రాయించుకుని ఉంటే మాత్రం సగం పనిచేయవు. ముందు ఆ సంగతి కనుక్కోండి. లక్షల దగ్గర కామా మన పద్ధతిలో పడాలంటే సెల్ ఫార్మాట్‌లో #,##,##0 అని ఇవ్వండి, 12,34,567 అని చక్కగా వస్తుంది. నాన్నగారి వయసువాళ్ళకు ఇది చిన్న విషయం కాదండి. 1,234,567 అని కనిపిస్తే లెక్క తప్పనుకుంటారు. మా మామయ్యగారు అలాగే మొత్తం షీటు మళ్ళీ కొట్టించారు.

షాపు పద్దులు వేరు. టాలీ విండోస్ కోసం చేసినదే. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ లాంటివాటి మీద నడపొచ్చని నెట్‌లో చెబుతారు గానీ నలుగురి డబ్బు లెక్కలు దాని మీద పెట్టకండి. జీఎస్టీ రిటర్నులు సొంత పేరు మీదున్న చిన్న షాపులకైతే ఓటీపీతో బ్రౌజర్లోనే వేసేయొచ్చు, ఏ సిస్టమైనా ఒకటే. కంపెనీలకు డిజిటల్ సంతకం టోకెన్ కావాలి. ఆ టోకెన్‌ను లినక్స్‌లో పలికించడానికి రెండు రోజులు తంటాలు పడి వదిలేశాను. అందుకే ఆఫీసులో విండోస్, ఇంట్లో ఉబుంటు అనే లినక్స్. ఇంట్లో ఆరేళ్ళుగా వైరస్ గొడవ లేదు, పిల్లలు ఏది పడితే అది నొక్కినా టెన్షన్ లేదు.

నరసాపురం_లేసు

నేను టెక్నికల్ మనిషిని కాను. ఇంటి దగ్గర లేసు అల్లించి బయటికి పంపుతాం. ఫొటోలు, మెయిల్, బిల్లులు, అంతే నా పని. మా తమ్ముడు లాప్‌టాప్‌లో మింట్ వేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. వెళ్ళిన రోజు సాయంత్రమే వైఫై కనిపించలేదు. ఆర్డరు ఫొటోలు ఆ రాత్రికే పంపాలి. ఏడుపొచ్చింది నిజంగా. తమ్ముడు ఫోన్లో చెప్పాడు, "అక్కా, నీ సెల్‌కి చార్జింగ్ తీగ పెట్టి లాప్‌టాప్‌కి గుచ్చు, సెల్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి" అని. నెట్ వచ్చేసింది. ఆ నెట్‌తోనే డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫై డ్రైవరు అదే చూపించింది, ఒక్క నొక్కుతో సరిపోయింది. రెండేళ్ళయింది, మళ్ళీ పోలేదు.

తెల్ల లేసు ఫొటో తీస్తే పసుపు తిరుగుతుంది, అది సరిచేయడం గింప్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్నాను. మొదట్లో అన్నీ కొత్తగా ఉండి విసుగేసింది. నెల తర్వాత చేయి అలవాటు పడింది. నాకు తమ్ముడు ఉన్నాడు కాబట్టి గట్టెక్కాను. లేనివాళ్ళ సంగతేంటో మాస్టారు చెప్పాలి.

అమలాపురం_మాస్టారు

అమ్మా, అసలు మాట మీరే అన్నారు. మన వైపు లినక్స్ ఉచితం అని చెప్పి ఎవరినీ ఒప్పించలేం. షాపులో పెట్టె కొంటే లైసెన్సు లేని విండోస్, ఆఫీసు రెండూ వేసి ఇచ్చేస్తారు, జనానికి అదీ ఉచితంగా వచ్చినట్టే. ఆ దొంగ కాపీలతో పాటు ఏమేం దూరుతున్నాయో ఎవరికీ పట్టదు, అదే నా బాధ. అయినా జనం అటే ఎందుకు వెళ్తారంటే, చెడిపోతే బాగుచేసేవాడు వీధిలో ఉన్నాడు. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లన్నీ చాలా ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చి ఊరుకోలేదు వాళ్ళు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అలా ప్రతి బడిలోనూ అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. మనకు అదే లేదు.

వెంకట్ గారూ, తొందరేమీ లేదు. విండోస్ 10కి 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు పొడిగించుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చూడండి. అది పెట్టుకుని, ఈలోపు పెన్‌డ్రైవ్ మీద నిదానంగా పరీక్షించుకోండి.

తెలుగు టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక వస్తుంది, ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టే అలవాటుంటే ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టుకోవచ్చు.

పాలకొల్లు_వెంకట్

అందరికీ చాలా థాంక్సండి. మూడు వారాలైంది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఫైళ్ళన్నీ బయట డిస్క్‌లోకి తీసి బీరువాలో పెట్టాను, బీటెక్ తమ్ముడు చెప్పినట్టే. పెన్‌డ్రైవ్ మీద నాలుగు రోజులు చూశాం. తర్వాత రెండు వేల పైచిలుకు పెట్టి హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని మింట్‌ను దాని మీద వేశాను. పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ అలాగే ఉంది, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు. ఇదివరకు ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చేవాణ్ణి, ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చునేలోపు తెర వస్తోంది. అయితే ఇందులో లినక్స్ గొప్ప ఎంతో ఎస్‌ఎస్‌డీ గొప్ప ఎంతో నేను చెప్పలేను.

అమ్మాయికి తేడాయే తెలియలేదు. దానికి బ్రౌజర్ ఉంటే చాలు. నాన్నగారు రెండు రోజులు సణిగారు, లక్షల కామా సరిచేశాక ఊరుకున్నారు. మా ఆవిడ దగ్గరే తేలలేదు. పాత ప్రశ్నపత్రాలన్నీ గౌతమి ఫాంటులో ఉన్నాయి, అది విండోస్‌తో వచ్చే ఫాంటు. ఇక్కడ వేరే ఫాంటు వచ్చి పడి వరుసలు పెరిగాయి. "జతపరచండి" పట్టిక మొదటి పేజీలో ఉంటే, దాని చివరి రెండు గళ్ళు రెండో పేజీలోకి వెళ్ళిపోయాయి. పిల్లలు జవాబు వెతుక్కోవాలి మరి. కొత్తవి మండలి ఫాంటులో కొడుతోంది, అవి బాగున్నాయి. పాతవి ఒక్కొక్కటే సరిచేస్తానంటోంది గానీ నలభై పైన ఉన్నాయి.

మిగిలింది ప్రింటర్. పదేళ్ళ నాటి లేజర్. పెన్‌డ్రైవ్ మీద చూసినప్పుడు దాని పేరు కనిపించింది కదా అని ధీమాగా ఉన్నాను. ఇప్పుడు ప్రింట్ ఇస్తే క్యూలోకి వెళ్తుంది, కాగితం మాత్రం కదలదు. పీడీఎఫ్ చేసి, విండోస్‌లోకి వెళ్ళి అక్కడి నుంచి తీస్తున్నాం. రోజూ ఇదంటే మా ఆవిడ ఓపిక పట్టదు.

భీమవరం_పద్దులు

కొన్ని పాత లేజర్లకు కంపెనీ సొంత భాష ఉంటుందండి, వాళ్ళ డ్రైవరు విడిగా ఎక్కిస్తేనే కదులుతాయి. మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి. హెచ్‌పీవైతే హెచ్‌పీఎల్‌ఐపీ అని లినక్స్ డ్రైవరు ఒకటుంది, దానితో చాలావరకు అయిపోతాయి. డ్రైవరే దొరకని మోడల్ అయితే మాత్రం దాని కోసం నెలలు పోరాడకండి, విండోస్ ఉంది కదా.

అమలాపురం_మాస్టారు

మోడల్ నంబరు పెట్టండి, నేనూ చూస్తాను. ఫోన్లో కుదరకపోతే ఆదివారం నేనే వస్తాను, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటితే మీ ఊరే కదా. ఆ పాత ప్రశ్నపత్రాలు కూడా తీసి ఉంచమనండి. పట్టిక గళ్ళ ఎత్తు ఒకచోట సరిచేసి చూపిస్తే మిగతావి అమ్మగారే చేసుకోగలరు. మీ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఎవరైనా ఉంటే అతన్నీ ఆ గంటసేపు కూర్చోమనండి.

పాలకొల్లు_వెంకట్

ఆయ్, తప్పకుండా రండి మాస్టారూ. పక్క సందులో ఒకతను ఉన్నాడు, అడిగాను, వస్తానన్నాడు. మోడల్ నంబరు ప్రింటర్ వెనక చెరిగిపోయింది, రాత్రికి పాత బిల్లు వెతికి పెడతాను.