డ్రమ్స్ అంత క్లీన్‌గా వాయించినవాళ్లకి స్కోరు ఎందుకు తగ్గింది? (డీసీఐ చూసేవాళ్లు చెప్పండి)

టెక్సాస్_నాన్న:
మా అమ్మాయి హైస్కూల్ బ్యాండ్‌లో స్నేర్ డ్రమ్ వాయిస్తుంది. దాని పోరు పడలేక జులైలో శాన్ ఆంటోనియో వెళ్లి అలమోడోమ్‌లో డీసీఐ, అంటే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (బాకాలూ డ్రమ్స్ వాయిస్తూ మైదానంలో కవాతు చేసే కుర్రాళ్ల బృందాలకి పోటీలు పెట్టే సంస్థ) షో చూశాం. షో అదిరిపోయింది, అందులో డౌట్ లేదు. కానీ స్కోర్లు చదివాక ఇంటికొచ్చేదాకా కారులో ఒకటే గొడవ. ఒక కోర్ (ఆ బృందాల్ని అలాగే అంటారు) డ్రమ్‌లైన్‌లో, అంటే డ్రమ్స్ వరసలో, ఒక్క దెబ్బ కూడా చెదరలేదట, అయినా వాళ్లు మూడు పదో వంతులు వెనకపడ్డారు. స్కూల్ బ్యాండ్‌కి స్టేట్ లెవెల్లో జడ్జిలు ఇచ్చే ర్యాంకులు కలిపి ప్లేస్ తేలుస్తారు, అది అర్థమైంది. ఇక్కడ 90కి పైన దశాంశాలతో పోట్లాట ఏంటి? మా బావమరిదైతే అంతా ముందే ఫిక్స్ అయి ఉంటుందని తేల్చేశాడు.

డ్రమ్‌లైన్_అమ్మ:
ఫిక్సింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క చూడండి. మొత్తం 100లో జనరల్ ఎఫెక్ట్‌కే (షో మొత్తంగా చూసేవాళ్ల మీద వేసే ముద్ర) 40. దాన్ని రెండు భాగాలుగా చూస్తారు, ఒక్కోటి 20కి, ఆ మార్కులు నేరుగా కలుస్తాయి. విజువల్‌లో మూడు షీట్లు, అంటే జడ్జి మార్కులు వేసే పత్రాలు (ప్రొఫిషియెన్సీ, అనాలిసిస్, జెండాలు తిప్పే కలర్ గార్డ్), మ్యూజిక్‌లో మూడు (బాకాల బ్రాస్, అనాలిసిస్, డ్రమ్స్ వగైరా పెర్కషన్). ఇవి కూడా ఒక్కోటి 20కే, కానీ మూడూ కలిపి సగం చేస్తారు. మచ్చుకి ఎఫెక్ట్ 19.6, 19.5 వస్తే 39.1. విజువల్ 19.4, 19.3, 19.5 కలిపి సగం చేస్తే 29.1. మ్యూజిక్ 19.2, 19.5, 19.4 అయితే 29.05. టోటల్ 97.25.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్నకి రండి. పెర్కషన్ షీట్‌లో రెండు పదో వంతులు ఎక్కువ తెచ్చుకున్నా టోటల్‌లో చేరేది ఒక్క పదో వంతే. ఎఫెక్ట్‌లో అదే రెండు పోతే రెండూ పోయినట్టే. అంటే డ్రమ్‌లైన్ విలువ 100లో 10. పైగా ఒక్కో షీట్‌లో మళ్లీ రెండు భాగాలు ఉంటాయి, ఏం వాయించారు అన్నది ఒకటి, దాన్ని ఎంత బాగా వాయించారు అన్నది ఇంకోటి. తేలిక పార్ట్ క్లీన్‌గా వాయిస్తే రెండో దాంట్లో పెరుగుతుంది కానీ మొదటి దాంట్లో ఆగిపోతుంది. ఆ డ్రమ్‌లైన్ తేలిక పార్ట్ వాయించిందని నేననట్లేదు, నేనా షో చూడలేదు. బెస్ట్ పెర్కషన్‌కి ఫ్రెడ్ శాన్‌ఫర్డ్ పేరు మీద విడిగా అవార్డు ఉంది, అది గెలిచినవాళ్లే టైటిల్ కొట్టాలని రూలేం లేదు.

మ్యాడిసన్_మాస్టారు:
ఎనభైల్లో చదువుకోడానికి విస్కాన్సిన్ వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను. 1985లో ఫైనల్స్ మ్యాడిసన్‌లోనే జరిగాయి, గార్ఫీల్డ్ క్యాడెట్స్ వరసగా మూడోసారి గెలిచారు. అప్పటికి టిక్ పద్ధతి పోయి రెండో సీజన్, కానీ స్టాండ్స్‌లో పాతవాళ్లు ఇంకా దాని గురించే కొట్టుకునేవాళ్లు. 1983 దాకా జడ్జిలు మైదానంలో వాయించేవాళ్ల మధ్యలోకి వెళ్లి, తప్పు వినపడితే ఒక టిక్ పెట్టేవాళ్లు, టిక్‌కి పదో వంతు కట్, జేఈఈలో నెగటివ్ మార్కింగ్ లాగా. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చిక్కేమిటంటే కష్టమైనది రాసుకున్నవాడు ఎక్కువ రిస్క్ తీసుకుని ఎక్కువ టిక్‌లు తింటాడు. 1984 నుంచి తీసివేత పోయి కింద నుంచి కట్టుకుంటూ వెళ్లే పద్ధతి వచ్చింది, ఆ తర్వాతే డ్రిల్లూ (మైదానంలో నడుస్తూ వేసే ఆకారాలు) మ్యూజిక్కూ ఇంత కష్టంగా ముదిరాయని నా నమ్మకం.

ఇంకో మాట. ఆ టోటల్ అంకెని సంవత్సరాల మధ్య పోల్చకండి. 2002లో క్యావలియర్స్‌కి 99.15, 2005లో క్యాడెట్స్‌కి అచ్చంగా అంతే, 2014లో బ్లూ డెవిల్స్‌కి 99.65. ఎవరు గొప్ప అంటే దీన్నిబట్టి చెప్పలేం. జడ్జి ఆ రాత్రి ముందున్న కోర్‌లని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మధ్యలో ఎంత ఖాళీ ఉండాలో చూసి అంకె వేస్తాడు. ఒకరకంగా మీ స్కూల్ పోటీలో ఇచ్చే ర్యాంకే ఇది కూడా, దశాంశాల వేషం వేసుకుంది అంతే.

స్నేర్_బాబాయ్:
మాస్టారూ, ఆ ఖాళీలు చూసి వేయడమే కదా అసలు రోగం! ఫైనల్స్‌లో 12 కోర్‌లు, సెమీస్‌లో తక్కువ వచ్చినవాళ్లు ముందు ఆడతారు, ఫస్ట్ వచ్చినవాళ్లు చివర. నాలుగో కోర్ ప్రాణం పెట్టి ఆడినా, వెనక ఇంకా ఎనిమిది మంది ఉన్నారని జడ్జి చేయి బిగబట్టుకుంటాడు. ముందురోజు వరస మనసులో లేకుండా ఎలా పోతుంది? బ్లూ డెవిల్స్ 21 టైటిల్స్ ఊరికే వచ్చాయా అంటే ఊరికే రాలేదు, వాళ్లు బాగానే ఆడతారు, కానీ పేరు కూడా ఆడుతుంది. పైగా ఎఫెక్ట్‌కి 40 ఇచ్చాక ప్రాప్స్‌కీ సింథసైజర్లకీ డబ్బున్నవాడిదే రాజ్యం. 2004లో మైకులు, 2009లో ఎలక్ట్రానిక్స్ వచ్చినప్పటి నుంచి వాయించే పిల్లాడి చేతి పని ఎవడికి పట్టింది?

డ్రమ్‌లైన్_అమ్మ:
బాబాయ్ గారూ, పేరే ఆడితే 2008 ఎలా జరిగింది? సెమీస్‌లో బ్లూ డెవిల్స్ ముందున్నారు, ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ స్పార్టకస్ షోతో 98.125 తెచ్చుకుంటే బ్లూ డెవిల్స్ 98.100 దగ్గర ఆగిపోయారు. తేడా 0.025. మార్కులు సగం చేయడం, జడ్జిల సగటు తీయడం వల్లే అన్ని దశాంశాలు వస్తాయి, ఎవరో గాలిలో రాసింది కాదు. డబ్బు విషయంలో మాత్రం మీతో కొంత ఒప్పుకుంటాను. అయినా 1940లో పుట్టిన బోస్టన్ క్రూసేడర్స్‌కి మొదటి టైటిల్ 2025లో వచ్చింది, వరసలు కదలవు అనడానికి లేదు.

మ్యాడిసన్_మాస్టారు:
ఈ అనుమానం కొత్తది కాదు బాబాయ్. అసలు డీసీఐ పుట్టిందే ఇలాంటి గొడవతో. అంతకుముందు పోటీలు నడిపింది అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాలు, రూల్సూ జడ్జింగూ డబ్బులూ అన్నీ వాళ్ల చేతిలోనే. అది నచ్చక 1971లో బ్లూ స్టార్స్, క్యావలియర్స్, మ్యాడిసన్ స్కౌట్స్, శాంటా క్లారా వాన్‌గార్డ్, ట్రూపర్స్ కలిసి జట్టు కట్టారు. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగితే గెలిచింది ఈ ఐదుగురిలో ఎవరూ కాదు, అనాహైమ్ కింగ్స్‌మెన్! పోటీ పెట్టినవాళ్లే ఓడిపోయారు మరి. ఇక మైకుల గురించి నాకూ చిరాకే, దాని మీద వేరే థ్రెడ్ పెట్టండి, వస్తాను.

టెక్సాస్_నాన్న:
థాంక్స్ అండీ, పెర్కషన్‌కి పదే అని చెప్తే మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. మరి జడ్జి ఏం విన్నాడో మనకి తెలిసే దారి ఉందా?

డ్రమ్‌లైన్_అమ్మ:
జడ్జిలు షో నడుస్తున్నప్పుడే మాట్లాడుతూ రికార్డ్ చేస్తారు, కానీ అది కోర్ స్టాఫ్ కోసం. మనకి దొరికేది రీక్యాప్ షీట్. డీసీఐ సైట్‌లో షో అయ్యాక పెడతారు, ప్రతి జడ్జి ఇచ్చిన రెండు భాగాల మార్కులూ, ఆ కాలమ్‌లో ర్యాంకూ విడివిడిగా ఉంటాయి. మీరు చూసిన రాత్రిది తీసి ముందు పెర్కషన్ కాలమ్ చూడమనండి, బహుశా వాళ్లు అక్కడ పైనే ఉంటారు. తర్వాత ఎఫెక్ట్ కాలమ్‌లకి వెళ్లండి, ఆ మూడు పదో వంతులు ఎక్కడ జారాయో కనపడుతుంది. లింక్ దొరక్కపోతే మెసేజ్ పెట్టండి.