తెల్లబారిన కారు బీడింగులకు మందేమిటి? (చర్చ)

కళింగపట్నం మాస్టారు:
నాది 2013 నాటి కారు. సముద్రానికి అరకిలోమీటరు దూరంలో, నీడ లేని చోట నిలుపుతున్నాను. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులు తెల్లబారి, మూలల్లో సన్నగా చీలాయి. కిటికీ అద్దాల అంచున ఉండే నల్లని పట్టీలైతే విభూతి పూసినట్టున్నాయి. ఏమి రాయాలి, ఎన్నాళ్లకొకసారి రాయాలి, వాన కురిసినప్పుడల్లా ముందు సీటు కింద చేరే నీటికి ఈ బీడింగే కారణమా అన్నది దయచేసి చెప్పగలరు.

రాజాం రైతు:
ఇంట్లో కొబ్బరి నూనె ఉండగా మరో మందు దేనికండీ? నేను నెలకొకసారి నూనె గుడ్డతో తుడుస్తాను. సంక్రాంతికి వచ్చిన మా అల్లుడు ‘కారు కొత్తదా మామయ్యా’ అని అడిగాడు.

బొబ్బిలి బాడీషాపు:
ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కనుక చెబుతున్నాను. తడిసిన నేల నల్లగా కనిపించినట్టే నూనె పూసిన రబ్బరూ నల్లగా కనిపిస్తుంది. నాలుగు రోజుల్లో దానికి దుమ్ము అంటుకుని మట్టి పేరుకుంటుంది. తలుపుల బీడింగును ఎక్కువగా ఇ.పి.డి.ఎం. అనే రబ్బరుతో చేస్తారు. అది ఎండకూ ఓజోనుకూ మామూలు రబ్బరు కంటే బాగా ఓర్చుకుంటుంది గాని కిరోసిన్, డీజిల్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. షాంపూ నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సిలికాన్ గ్రీజును గుడ్డతో పల్చగా రుద్ది, మిగిలినది తుడిచేయండి. మూడు నాలుగు నెలలకొకసారి చాలు. చీలిన చోటును మాత్రం ఏ పూతా అతికించదు.

రాజాం రైతు:
మా తాతగారు ఎడ్లబండి ఇరుసుకు జీవితమంతా ఆముదం కందెనే వేశారు. ఆ బండి మీకంటే ఎక్కువ కాలం పనిచేసింది.

బొబ్బిలి బాడీషాపు:
ఇరుసు ఇనుముదండీ, బీడింగు రబ్బరుది. తాతగారి మీద నాకు గౌరవమే ఉంది, ఆయన కందెనను తలుపులకు పూయడం మీదే లేదు.

పార్వతీపురం పెయింటరు:
బాడీషాపు వారు సిలికాన్ రాయమని సులువుగా చెప్పేశారు. అది పక్కనున్న రేకుకు అంటి, రేపు ఆ తలుపుకు రంగు వేయవలసి వస్తే, పెయింటు చేప కళ్లలా గుంటలు పడి విడిపోతుంది. ఆ గుంటలకు తిట్లు తినేది నేను. డబ్బాతో స్ప్రే కొట్టేవారు మరీ ప్రమాదకరం. అది ముందు అద్దం మీద పడితే రాత్రి ఎదురు బండి లైటుకు ఏమీ కనిపించదు.

బొబ్బిలి బాడీషాపు:
గుడ్డతో రుద్దమన్నాను, స్ప్రే కొట్టమనలేదు. చదివి జవాబివ్వండి.

గజపతినగరం వాసి:
ఏమి రాసినా ఎండలో నిలిపితే దండగే. నేను మామిడి చెట్టు నీడన పెడతాను.

విజయనగరం అంబాసిడర్:
మామిడి నీడ మాట నాకు చెప్పకండి. పూత కాలంలో తేనెమంచు పురుగులు విసర్జించే జిగురు బీడింగుల మీద పడి, దాని మీద నల్లని మసి బూజు పట్టి, తలుపు తీసినప్పుడల్లా రబ్బరు అంటుకుని లేచి వచ్చింది. 2014లో తయారీ ఆగిపోయిన బండికి కొత్త రబ్బరు దొరకడం ఎంత కష్టమో మీకేం తెలుసు? చివరకు ముందు అద్దం రబ్బరు నేనే మార్చాను. రబ్బరు గాడిలో నైలాన్ తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి, అద్దాన్ని బయటి నుంచి ఒకరు నొక్కుతుండగా లోపలి నుంచి తాడును మెల్లగా లాగితే రబ్బరు పెదవి (అంచు) తనంతట తానే రేకు మీదికి ఎక్కుతుంది. పాత రబ్బరు తీసినప్పుడు కింద రేకు అప్పడంలా తుప్పు పట్టి ఉంది. సముద్రపు గాలిలో ఉండే మాస్టారు ముందు ఆ సంగతి చూసుకోవాలి.

పలాస వాసి:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా షెడ్డు రేకులన్నీ ఎగరగొట్టిన నాటి నుంచి మా కారూ ఎండలోనే ఉంది, సీటు కింద నీళ్లూ చూశాను. మాస్టారూ, తలుపు మీద అనుమానం ఉంటే కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. తేలికగా జారి వచ్చిన చోట బీడింగు నొక్కడం లేదని అర్థం. అంతటా బిగువుగా ఉంటే వైపర్ల కింది తొట్టిలో నీరు పోయే రంధ్రాలు చూడండి. నాకు దోషం అక్కడే దొరికింది.

కళింగపట్నం మాస్టారు:
కాగితం వెనుక ఎడమ తలుపు మూల తప్ప అంతటా బిగువుగానే ఉంది. వైపర్ల కింద గుప్పెడు కుళ్లిన బాదం ఆకులు వచ్చాయి. బకెట్టు నీళ్లు పోస్తే సీటు కింద చుక్క రాలేదు. ఆ ఒక్క తలుపుకు కొత్త బీడింగు వేయిస్తాను. అయితే అద్దాల అంచు పట్టీల గురించి ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు.

పార్వతీపురం పెయింటరు:
గోరు గుచ్చి చూడండి, దిగకపోతే అది ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు హాట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) చూపిస్తే నలుపు వస్తుంది కాని కొన్నాళ్లకే పోతుంది, చెయ్యి నిలిపితే కరుగుతుంది. రబ్బరైతే అసలు చూపించకండి.

రాజాం రైతు:
ప్లాస్టిక్‌కు కొబ్బరి నూనె రాయవచ్చు కదా?