కుంటలో ప్రోబయోటిక్ పోయడం చేపకు లాభమా, దుకాణానికా?

నర్సంపేట రైతు: పాకాల దగ్గర ఎకరన్నర కుంటలో బొచ్చె, రవ్వ వేశాను. మందులమ్మే ఏజెంటొకాయన ఫోన్‌లో ఆయిస్టర్ల వీడియో చూపించాడు. అమెరికాలో ఈ సముద్రపు చిప్పల పిల్లలకు ప్రోబయోటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా, పోసి బతికించుకుంటున్నారట, చిప్పకు పనిచేసింది చేపకు చేయదా అని అడిగాడు. సరేనని ఆయనిచ్చిన ప్రోబయోటిక్ పొడిలో బెల్లం, తవుడు కలిపి పులియబెట్టి రెండుసార్లు పోశాను. రెండోసారి పోసిన మర్నాడు తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఒకటే టెన్షన్. పోయాలా, ఆపాలా?

హన్మకొండ జువాలజీ: వీడియో అబద్ధం కాదు తమ్మీ. రోడ్ ఐలండ్ యూనివర్సిటీ వాళ్లు ఆయిస్టర్ చిప్ప లోపలి నుంచి తీసిన ఫియోబ్యాక్టర్ ఎస్4 అనే బ్యాక్టీరియాను, సముద్రపు స్పాంజి నుంచి తీసిన బ్యాసిల్లస్ అనే ఇంకోదాన్ని చిప్ప పిల్లల నీళ్లలో వేసి చూశారు. విబ్రియో అనే రోగ బ్యాక్టీరియా సోకినా చావులు తగ్గాయి. ఎస్4 విబ్రియోను అణిచే యాసిడ్ తయారు చేస్తుంది, జిగురులా పొర కూడా కడుతుంది. కానీ వేయడం ఆపితే ఆ రక్షణ ఎక్కువ కాలం నిలవదు. హ్యాచరీలో టబ్బులే కాబట్టి రోజూ వేయగలరు. అదే చిప్ప పెరిగి సముద్రంలోకి పోయాక గంటకు లీటర్లకొద్దీ నీళ్లు వడకడుతుంది, అక్కడ ఎన్ని డబ్బాలు పోస్తే సరిపోతుంది? పైగా అవి ఉప్పునీటి బ్యాక్టీరియా. నీ డబ్బాలో ఉన్నదేంటో లేబుల్ చదివావా?

చెరువు గట్టు: సార్ ల్యాబ్ లెక్క చెప్తారు. నేను పరకాలలో మూడేళ్లుగా పోస్తున్నా. అడుగున నల్ల బురద తగ్గింది, కుళ్లిన గుడ్డు కంపు పోయింది. ఇంకేం రుజువు కావాలి?

హన్మకొండ జువాలజీ: నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ కూడా పెట్టానని పోయిన నెల ఈ గ్రూపులోనే రాశావు కదా?

చెరువు గట్టు: పెట్టాను. అయితే?

హన్మకొండ జువాలజీ: అయితే కంపు దేనివల్ల పోయిందో ఎట్లా చెప్తావు? ఒక కుంటలో పోసి, పక్క కుంటలో పోయకుండా చూడాలి. పోస్తే తప్పని నేననను, ఆయిస్టర్ పేరు చెప్పి కుంటకు అమ్మడమే తప్పు. నర్సంపేట తమ్మీ, ఏ వేళ పోశావు?

నర్సంపేట రైతు: పగలు పత్తి చేలో పని, అందుకే చీకటి పడ్డాక పోశాను. అదే రోజు పొద్దున సున్నం కూడా చల్లాను.

హన్మకొండ జువాలజీ: అదీ సంగతి! సున్నం బ్యాక్టీరియాను చంపుతుంది, రెండూ ఒకే రోజు వేయొద్దు. రాత్రి నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా పీల్చుకుంటుంది. ఆ బెల్లం నీళ్లు తిని బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌నూ లాగేసుకుంది. ముందు కొత్త నీళ్లు పెట్టు, మేత తగ్గించు, నీళ్లలో అమ్మోనియా ఎంతుందో పరీక్ష చేయించు.

నర్సంపేట రైతు: బోరు మోటారు వేసి వచ్చాను. ఇంకా ఆరు డబ్బాలున్నాయి, ఏజెంటు వాపసు తీసుకోడట. సగం ధరకు ఎవరికైనా కావాలా?

చెరువు గట్టు: నాకు పంపు అన్నా. నేను పొద్దున్నే పోస్తాలే.

హన్మకొండ జువాలజీ: ఒక్క కుంటలోనే పోసి చూడు.